పుదుచ్చేరి గోడలు, దీవుల పచ్చబల్లులు

పుదుచ్చేరి ఫ్రెంచి పేటలో ఒక వీథికి మాహే ద లబూర్దొనే పేరు ఉన్నది. పసుపు పూసిన గోడల మీదుగా జాలువారే కాగితపు పూలను చూస్తూ యాత్రికుడు ఆ పేరు చదివి సాగిపోతాడు. ఆయన 1735 నుండి 1746 వరకు మారిషస్, బూర్బన్ దీవులకు గవర్నరు. అక్కడి నుండి నౌకలతో వచ్చి 1746లో ఇంగ్లీషువారి మద్రాసును పట్టుకొన్నాడు. నాటి పుదుచ్చేరి రేవుకు ఆ దీవులు ఇరుగు పొరుగు వంటివి. 1828 ప్రాంతంలో బూర్బన్ చెరకు తోటలకు ఒప్పందంపై వెళ్ళిన తొలి భారతీయులలో యానాం తెలుగువారు ఉన్నారు. ఆ దీవి నేటి పేరు రేయూనియన్.

అలా ఓడ దిగిన తెలుగువాడికి అక్కడి బల్లి వింతగా తోచి ఉండాలి. మన బల్లి రాత్రి జీవి. దీపం వెలిగిన తరువాత గోడ మీదికి వస్తుంది. అది పలికితే శకునం, మీద పడితే పంచాంగం తిరగవేయడం మన ఆచారం. ఆ దోషం పోవడానికే కదా కంచిలో బంగారు బల్లిని, వెండి బల్లిని తాకి వస్తాము! ఆ దీవులలోనో, చిలుకపచ్చని బల్లి పట్టపగలు ఎండలో చెట్టు మీద తిరుగుతుంది. కొన్నింటి వీపుపై ఎర్రని చుక్కలు, కొన్నింటికి నీలి తోక. పురుగులతోపాటు పూలతేనెను కూడా నాకుతుంది. కనురెప్పలు లేనందువల్ల నాలుకతోనే కన్ను తుడుచుకొంటుంది.

శాస్త్రజ్ఞులు దీనిని ఫెల్సూమా అంటారు. మనం పగటి బల్లి అనవచ్చును. మడగాస్కరు, దాని చుట్టుపట్ల దీవులు దీని పుట్టిల్లు. ఒక్క జాతి మాత్రం ఎంతో దూరాన, మన అండమానులో నివసిస్తున్నది.

ఇంతటి అందం మనిషి కంటబడితే ఊరకుండునా? ఐరోపాలో, అమెరికాలో దీనిని గాజు పెట్టెలలో పెంచేవారు అనేకులు. ఆ పెంపకం ఒక విద్య. పెట్టె ఎత్తుగా ఉండాలి. లోపల వెదురు బొంగులు, పచ్చని మొక్కలు, రోజూ నీటి తుంపర, సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలనిచ్చే దీపం ఉండాలి. ఆ కిరణాలు, ఆహారంపై చల్లే సున్నపు పొడి కరవైతే ఎముకలు వంకరపోతాయి. రెండు మగవాటిని ఒకచోట ఉంచితే పోరు తప్పదు. చేత పట్టుకొంటే పలుచని చర్మం ఊడివస్తుంది. కనుక ఇది చూసి ఆనందించవలసినదే గాని, నిమరవలసినది కాదు. ఆడది సాధారణంగా జంటగా గుడ్లు పెడుతుంది. కొన్ని జాతులలో అవి బొంగుకు అతుక్కుపోతాయి, ఊడదీయబోతే పగులుతాయి. పుట్టేది ఆడో మగో అనేక జాతులలో గుడ్డుకు తగిలిన వెచ్చదనమే నిర్ణయిస్తుంది.

ఇలా పెంచడం రక్షణయా, చెరయా? మారిషస్‌కు చెందిన రౌండ్ ఐలెండ్ దీవి దీనికి జవాబు చెబుతుంది. మనుషులు వదిలిన మేకలు, కుందేళ్లు అక్కడి పచ్చదనాన్ని మేసివేయగా, గుంథర్ బల్లి అనే పెద్ద బూడిదరంగు ఫెల్సూమా అంతరించే దశకు వచ్చింది. 1976లో జెరాల్డ్ డరెల్ కొన్నింటిని జెర్సీకి తీసుకొనిపోయి సంతతిని పెంచే ఏర్పాటు చేశాడు. ఆపదలో అది ఒక భరోసా. కాని దీవిని నిలబెట్టినది మేకలను, కుందేళ్లను తొలగించడం. 1986 నాటికి ఆ పని పూర్తయింది. చెట్టు తిరిగి మొలిచింది, బల్లి నిలిచింది. రోడ్రిగ్స్ దీవి పగటి బల్లులకు ఆ అదృష్టం లేదు. అక్కడి రెండు జాతులూ నశించాయి.

ఈ వ్యాపారం అంతర్జాతీయ ఒప్పందానికి లోబడినది. మన దేశంలో 2022 నాటి వన్యప్రాణి చట్ట సవరణ, 2024 నాటి నియమాల ప్రకారం ఇటువంటి విదేశీ జీవిని ఉంచుకొనేవారు దానిని ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి. దాని సంతతి వివరం కూడా తెలుపాలి. పట్టి తెచ్చిన జీవిని పెంపకంలో పుట్టినదని చెప్పి అమ్మేవారికి ఇది అడ్డుకట్ట.

పుదుచ్చేరిలో 1826లో నెలకొల్పిన వృక్షోద్యానం నేటికీ ఉన్నది. సముద్రాలు దాటించి మొక్కలను మరొక నేలలో నాటుకొన్న యుగానికి అది గుర్తు. మొక్కకు చెల్లిన ఆ పద్ధతి ప్రాణికి చెల్లదు. బల్లి గాజు పెట్టెలో బతకవచ్చును. కాని దాని జాతి బతకవలసినది తన దీవిలో, తన చెట్టు మీద.