పారబోసే పులుసు

పులుసు పెట్టడం తెలిసిన చేతికి కేజన్ బాయిల్ మొదట్లో మింగుడు పడదు. గుండిగ నిండా నీళ్ళు పోసి, అందులో గుప్పెళ్ళకొద్దీ ఉప్పు, కారం, ధనియాలు, ఆవాలు, లవంగాలు, అడ్డంగా కోసిన వెల్లుల్లి గడ్డలు, పిండిన నిమ్మకాయ చెక్కలు వేసి మరిగిస్తారు. రొయ్యలు, పీతలు, మొక్కజొన్న పొత్తులు, బంగాళాదుంపలు అన్నీ అందులోనే ఉడికిస్తారు. ఆఖర్న ఆ నీళ్ళన్నీ పారబోస్తారు. మా అమ్మ భీమవరం నుంచి హ్యూస్టన్ వచ్చినప్పుడు పొయ్యి పక్కనే నిలబడి ఈ తతంగమంతా చూసింది. "ఇదేంటమ్మాయ్, మసాలా అంతా సింకులో పోసినట్టేగా!" అంది.

అవును, పోసినట్టే. ఈ వంట కిటుకంతా అందులోనే ఉంది. పులుసులో ముక్కా తింటాం, రసమూ కలుపుకుంటాం కాబట్టి ఉప్పూ కారం నాలిక్కి సరిపడా వేస్తాం. బాయిల్ నీళ్ళు ఎవరూ కలుపుకోరు. రొయ్య పెంకునీ దుంప తొక్కనీ దాటుకుని లోపలికి పోయిన కాస్త ఉప్పే మనకు దక్కేది. అందుకని ఆ నీళ్ళు మోతాదు మించి ఉండాలి. గరిటెతో తీసి నాలిక్కి తగిలిస్తే మొహం చిట్లాలి. బాగున్నాయి అనిపించాయంటే అందులో ఉడికినవన్నీ చప్పగా వస్తాయి. రొయ్యలు ఎక్కడ కొన్నారన్నది తర్వాతి సంగతి, ముందు నీళ్ళు వండాలి.

సముద్రపు నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నేను అక్కణ్ణుంచే మొదలుపెడతాను. అంటే ఇంటి పొయ్యి మీద పట్టే గిన్నెలో 8 లీటర్ల నీళ్ళు పోస్తే 280 గ్రాములు. బాయిల్ మసాలా దుకాణాల్లో మూడు రకాలుగా దొరుకుతుంది. దినుసులు కట్టిన చిన్న సంచి ఒకటి, పొడి ఒకటి, సీసాలో చిక్కటి ద్రవం ఒకటి. న్యూ ఆర్లీన్స్‌లో 1889లో మొదలైన జటరైన్స్ వాళ్ళు మూడూ అమ్ముతారు. సంచిలో ఉప్పు ఉండదు. పొడిలో అన్నిటికంటే ఎక్కువ ఉండేది ఉప్పే. ఈ తేడా చూసుకుని గాని ఉప్పు డబ్బా మీద చెయ్యి వేయకూడదు.

ఆ సంచిని ఒకసారి కత్తిరించి పళ్ళెంలో పోసి చూడండి. ఆవాలు, ధనియాలు, లవంగాలు, మిరప, బే ఆకులు, డిల్ గింజలు, ఆల్‌స్పైస్. సగం మన పోపుల పెట్టెలోవే. డిల్ అంటే మన సోయికూరే. బే ఆకు బదులు మన బిర్యానీ ఆకు వేస్తే మాత్రం వాసన మారిపోతుంది. చూడ్డానికి దగ్గరగా ఉన్నా అవి వేరు వేరు చెట్ల ఆకులు, మనది దాల్చినచెక్క జాతి. ఆవాలు మరిగే నీళ్ళలో పడితే వాటి ఘాటు చాలామటుకు చచ్చిపోయి వట్టి వాసన మిగులుతుంది. ఇక్కడ కావలసిందీ అదే. అల్లంవెల్లుల్లి ముద్ద, గరంమసాలా ఈ నీళ్ళలో కలిపేవాళ్ళని చూశాను. నాకది నచ్చదు. ఆ రుచి కావాలంటే రొయ్యల ఇగురు ఎటూ ఉంది. కేజన్‌వాళ్ళ వంట వాళ్ళ వాసనతోనే రావాలి.

కారం సంగతి విడిగా చెప్పుకోవాలి. మిరపలోని మంట నూనెలో కరిగినట్టు నీళ్ళలో కరగదు. గిన్నె మరుగుతున్నప్పుడు పైన ఎర్రటి జిడ్డు తెట్టులా తిరుగుతుంటుంది, వంగి చూస్తే కళ్ళలో నీళ్ళొస్తాయి. చిల్లుల బుట్టని పైకి లాగేటప్పుడు రొయ్యలు ఆ తెట్టులోంచే బయటికొస్తాయి. అప్పుడు ఆ కారం పెంకులకి పూత పూసినట్టు పట్టుకుంటుంది. పెంకు వలుస్తుంటే వేళ్ళకంటుతుంది, వేళ్ళ నుంచి నోటికి చేరుతుంది. ఉప్పు నీళ్ళలో పూర్తిగా కరిగి కండ దాకా పోతుంది. అందుకే ఉప్పు తగ్గించి కారం గుమ్మరించిన బాయిల్‌లో పెదాలు భగ్గుమంటాయి గాని రొయ్య కొరికితే ఏమీ ఉండదు. అన్నట్టు, ఆ నీళ్ళని చెట్ల మొదళ్ళలో పోయకండి. అంత ఉప్పుని పెరటి మొక్కలు తట్టుకోలేవు.

ఈ వంట పుట్టిల్లు దక్షిణ లూసియానా. కెనడా తూర్పు తీరంలో, ఇప్పటి నోవా స్కోషియా ప్రాంతంలో, అకాడియన్లు అనే ఫ్రెంచి రైతులు ఉండేవారు. 1755లో బ్రిటిష్‌వాళ్ళు వాళ్ళని ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించి ఓడలెక్కించారు. చెట్టుకొకరు పుట్టకొకరు అయిన ఆ కుటుంబాల్లో కొన్ని లూసియానా చిత్తడి నేలలకి చేరుకున్నాయి. వాళ్ళ వారసులే కేజన్లు. బాయిల్‌కి అసలు సరుకైన క్రాఫిష్ ఆ నీళ్ళలో వాళ్ళకంటే ముందు నుంచీ ఉంది. అక్కడి హూమా తెగకి ఎర్ర క్రాఫిషే యుద్ధ చిహ్నం. అరచేతిలో పట్టే ఈ జీవి చూడ్డానికి చిన్న ఎండ్రకాయ గోళ్ళు తొడుక్కున్న రొయ్యలా ఉంటుంది. ఒకప్పుడు బీదల తిండని ఈసడించిన దాన్నే 1983లో లూసియానా తన రాష్ట్ర చిహ్నాల్లో చేర్చుకుంది. హ్యూస్టన్ నుంచి తూర్పుకి మూడు గంటల పైచిలుకు ప్రయాణం చేస్తే బ్రో బ్రిడ్జ్ అనే ఊరొస్తుంది. ప్రపంచ క్రాఫిష్ రాజధాని అని 1959లో శాసనసభ బిరుదిచ్చిన ఊరు.

ఆ దారిలో నన్ను పట్టి నిలబెట్టేవి వరిపొలాలు. నైరుతి లూసియానాలో క్రాఫిష్ పెరిగేది ఎక్కువగా వరి మళ్ళలోనే. ఎండాకాలం మొదట్లో పైరున్న మడిలో తల్లి క్రాఫిష్‌లని వదులుతారు. కోతకు ముందు నీళ్ళు తీసేస్తే అవి బొరియలు తవ్వుకుని మట్టిలోకి దిగిపోతాయి. కోతయ్యాక, అక్టోబరు ప్రాంతంలో, మళ్ళీ నీళ్ళు పెడతారు. పిల్లలతో సహా తల్లులు బయటికొస్తాయి. కుళ్ళుతున్న వరి దుబ్బులూ వాటి మీద పెరిగే సూక్ష్మజీవులూ వాటికి మేత. చలికాలం నుంచి వసంతం చివరి దాకా రైతు తీగ బుట్టలు పెట్టి పట్టుకుంటాడు. అదే నేల, అవే గట్లు, అవే నీళ్ళు ఏడాదిలో ఒకసారి బియ్యం, ఒకసారి క్రాఫిష్ ఇస్తాయి. 2023 వేసవిలో వర్షాల్లేక మట్టి బీటలు వారి, బొరియల్లోనే క్రాఫిష్ చచ్చిపోయింది. మరుసటి ఏడాది మొదట్లో ధరలు చుక్కలనంటాయి.

మా భీమవరం వైపు వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. అయ్యాక మళ్ళీ వరి వైపు తిరిగినవి తక్కువ. మొదట టైగర్ రొయ్య, దాన్ని తెల్లమచ్చ వైరస్ తుడిచిపెట్టాక 2009లో అనుమతి దొరికిన వెనామీ. డబ్బులొచ్చాయి, మేడలు లేచాయి, మా ఇంట్లోనూ చదువులు ఆ డబ్బుతోనే సాగాయి. పక్క చేలోకి ఉప్పు ఊరడం, ఊరి మంచినీళ్ళ చెరువు పాడవడం కూడా చూశాం. లూసియానా పొలం గట్టున నిలబడితే నాకు కలిగేది అసూయే. క్రాఫిష్ మంచినీటి జీవి కాబట్టి అక్కడ వరితో పొత్తు కుదిరింది, వెనామీ సాగులో అది అంత తేలిక కాదు, నాకు తెలుసు. అయినా అసూయ కలుగుతుంది.

ఇంట్లో బాయిల్ చేసేవాళ్ళలో చాలామందికి బతికున్న క్రాఫిష్ దొరకదు. అది వచ్చేదే 30, 35 పౌండ్ల బస్తాల్లో. వలిస్తే వచ్చే కండ బరువులో ఆరో వంతు కూడా ఉండదు గనుక మనిషికి మూడు నాలుగు పౌండ్లయినా కావాలి. పెరట్లో ప్రొపేన్ పొయ్యి, చిన్నపిల్లలు దాక్కునేంత గిన్నె ఉంటే గాని కుదరదు. దొరికినవాళ్ళు దాన్ని ఉప్పునీళ్ళలో కక్కించడం లాంటి పనులు పెట్టుకోనక్కర్లేదు, దానివల్ల ఒరిగేదేమీ లేదు. నీళ్ళు తేటపడే దాకా కడిగి, చచ్చినవి ఏరేస్తే చాలు. అపార్ట్‌మెంటు వంటింట్లో మాత్రం రొయ్యలే మేలు.

ఆ రొయ్యల సంచి వెనక చాలాసార్లు ఇండియా పేరే ఉంటుంది. అమెరికాకి రొయ్యలు ఎక్కువగా పంపే దేశం మనది, మన దేశంలో ఎక్కువగా పండించేది ఆంధ్ర. సంచి మీద 16/20 అని ఉంటే పౌండుకి పదహారు నుంచి ఇరవై తూగే రొయ్యలన్నమాట. భీమవరం గట్టు మీద వంద కౌంటు, ముప్పై కౌంటు అని కిలోకి లెక్కపెట్టేదే ఇక్కడికొచ్చేసరికి పౌండు లెక్కలోకి మారుతుంది. 2025 ఆగస్టులో భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు మా ఊరి నుంచి వచ్చిన ప్రతి ఫోన్‌లోనూ కౌంటు ధరల మాటే. ఇటు గల్ఫ్ తీరంలో పడవ నడిపేవాళ్ళు, దిగుమతి రొయ్యలు మా ధర పడగొట్టాయని ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. వాళ్ళ బాధా నిజమే. తలతో ఉన్న గల్ఫ్ రొయ్య దొరికినప్పుడు నేను అదే కొంటాను, తలలో ఉండే కొవ్వు కోసం. దొరకనప్పుడు మా చెరువులది కొంటాను. రెండిటికీ పెంకు మాత్రం ఉండాలి. వలిచిన రొయ్యని ఆ ఉప్పునీళ్ళలో వేస్తే తినలేం. వీపు మీద కత్తెరతో ఒక గాటు పెట్టి నల్ల నరం లాగేస్తే శుభ్రమూ అవుతుంది, నీళ్ళు లోపలికి పోయే దారీ పడుతుంది.

నలుగురికి కిలో రొయ్యలు, అరకిలో చిన్న ఎర్ర దుంపలు, నాలుగు పొత్తులు, అండూయి సాసేజ్ రెండు కడ్డీలు. మసాలా నీళ్ళు ముందు ఇరవై నిమిషాలు మరగాలి. దుంపలు వేసి పన్నెండు, పదిహేను నిమిషాలు. పీతలుంటే వాటిని దుంపలు సగం ఉడికాక వేయాలి. తర్వాత సాసేజ్, ఓ ఐదు నిమిషాలు. ఆఖర్న రొయ్యలు. రెండు నిమిషాల్లో అవి గులాబి రంగుకి తిరిగి ముడుచుకుంటాయి. వెంటనే పొయ్యి ఆపెయ్యాలి.

అసలు వంట అప్పుడే మొదలవుతుంది. బాయిల్ అన్న పేరు చూసి మరిగించడంలోనే అంతా ఉందనుకుంటాం గాని, లూసియానా వంటవాళ్ళు మంట ఆర్పాకే గిన్నె పక్కన కుర్చీ వేసుకుంటారు. మంట మీద రొయ్య ఉడుకుతుంది. రుచి పట్టేది నానేటప్పుడు. నీళ్ళు వేడిగా ఉంటే ఆ నానే వ్యవధిలో రొయ్య ఉడికీ ఉడికీ రబ్బరయిపోతుంది, పెంకు కండకి అతుక్కుని వలవడానికి రాదు. అందుకని వేడిని ఠక్కున దించాలి. కొందరు ఐసు ముక్కలు వేస్తారు. నాకు నచ్చిన పద్ధతి, ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మొక్కజొన్న పొత్తుల్ని అప్పుడు వేయడం. పొత్తులు నీళ్ళని చల్లబరుస్తాయి, నీళ్ళు పొత్తులకి వెచ్చదనమూ ఉప్పూ ఇస్తాయి. ఎవరు మొదట కనిపెట్టారో గాని వాళ్ళకి నా దండం.

ఇక కూర్చుని చూడటమే. క్రాఫిష్ అయితే మొదట పైన తేలుతుంది. చల్లబడేకొద్దీ డొల్లలోకి నీళ్ళు చేరి ఒక్కొక్కటే కిందికి దిగుతుంది. దిగిందంటే పులుసు తాగినట్టే. దానికి ఇరవై నిమిషాలు, అరగంట పట్టినా పట్టొచ్చు. రొయ్యలకి పది నిమిషాలు చాలు. ఐదు నిమిషాలకొకటి తీసి వలిచి తినడమే పరీక్ష. ఆ పరీక్షకి మా ఇంట్లో అభ్యర్థులకి లోటు లేదు.

హ్యూస్టన్‌లో ఇంకో దారి ఉంది. 1975 తర్వాత వియత్నాం నుంచి శరణార్థులుగా వచ్చినవాళ్ళు ఎంతోమంది ఈ గల్ఫ్ తీరంలో రొయ్యల పడవల మీదే బతుకు నిలబెట్టుకున్నారు. వాళ్ళ వాళ్ళే 2000 తర్వాతి ఏళ్ళలో, ఉడికిన క్రాఫిష్‌ని వెన్నలో వేగిన వెల్లుల్లితో పొర్లించి పెట్టడం ఇక్కడ వాడుకలోకి తెచ్చారు. లూసియానా పెద్దలు కొందరు దీన్ని ఒప్పుకోరు. నేను ఒప్పుకుంటాను. నీళ్ళలో కరగని కారం వెన్నలో కరుగుతుంది, పెంకు మీది పూత కండ దాకా చేరుతుంది. అయితే ఒక షరతు. నానబెట్టడం ఎగ్గొట్టి, వట్టి నీళ్ళలో ఉడికించిన రొయ్యల మీద ప్లాస్టిక్ సంచిలో వెన్న పోసి ఊపితే అది బాయిల్ కాదు. రుచంతా పెంకు మీదే ఉండి, పెంకుతోపాటే చెత్తబుట్టలో పడుతుంది.

తినడానికి కంచాలు వద్దు. బల్ల మీద పాత పేపర్లు మందంగా పరిచి, నీళ్ళు వాడ్చి, అంతా మధ్యలో కుప్ప పోయాలి. పిల్లలు, పెద్దలు చుట్టూ నిలబడే తింటారు. వలుచుకుంటూ తినే తిండి కాబట్టి ఎవరూ తొందరపడలేరు, చేతులు జిడ్డు కాబట్టి ఎవరూ ఫోన్ ముట్టుకోలేరు. తల విరిచి, అందులోని పసుపురంగు కొవ్వు జుర్రుకోవడం కొత్తవాళ్ళకి మన గోదావరి జిల్లా వాళ్ళే నేర్పుతారు. వెల్లుల్లి గడ్డ నొక్కితే రెబ్బలు ముద్దలా జారతాయి, దుంప మీద రాసుకోవాలి. నన్నడిగితే ఆ కుప్పలో అన్నిటికంటే బాగా పులుసు పీల్చుకునేది దుంపే.

మిగిలితే అక్కడే అందరూ కూర్చుని వలిచి పెట్టేయాలి, పెంకుతో ఫ్రిజ్‌లో తోసేయకూడదు. మర్నాడు కేజన్‌వాళ్ళు ఆ కండతో ఎటుఫే చేస్తారు. వెన్నలో ఉల్లిపాయ, కాప్సికం, సెలరీ సన్నగా తరిగి మెత్తబడే దాకా మగ్గించి, కాస్త పిండి చల్లి వేయించి, నీళ్ళు పోసి చిక్కబడ్డాక వలిచిన కండ కలిపి దించేయడమే. కండలో ఉప్పు ముందే ఉంది కాబట్టి మళ్ళీ ఉప్పు వేయక్కర్లేదు. దాన్ని వేడివేడి అన్నం మీద పోసుకు తింటారు. మా అమ్మ ఇప్పటికీ ఫోన్ చేసి అడిగేది ఈ ఎటుఫే గురించే. ఈసారి సెలరీ బదులు కొత్తిమీర కాడలు వేసి చేస్తానంటోంది. వెయ్యమన్నాను.