ఒండ్రు తోడిన వీధి

బాలలూ! కర్నూలు వద్ద హంద్రి వచ్చి తుంగభద్రలో కలుస్తుంది. వానకు మొగం వాచిన సీమ మాది. అటువంటి ఊరిమీదికి 2009 అక్టోబరు 2న రెండు నదులూ పొంగి వచ్చాయి. నీరు తీశాక మా వీధినిండా ఒండ్రు మిగిలింది.

చలిదేశాలలో ఇంటిముందు కంకరబాటమీద మంచు పేరుకుంటే ట్రాక్టరుకు ఇనుపబ్లేడు తగిలించి నెడతారు. బ్లేడు నేలను గీస్తే కంకర కూడా లేచిపోతుంది. అందుకని దానిని అంగుళం ఎత్తున ఉంచుతారు. మా వీధిలోనూ ట్రాక్టరు అలాగే నడిచింది. కాని ఒక తేడా ఉంది: ఎండ కాస్తే మంచు కరుగుతుంది, ఒండ్రు గట్టిపడుతుంది! తడి ఆరకముందే తోడాలి.

మరి గుమ్మం లోపలికి ట్రాక్టరు రాదు గదా? అక్కడ నేను పాఠం చెప్పిన పిల్లలే గంపలెత్తారు. నేను చీపురు పట్టాను.