పెరటి కాలువలో సముద్రపు ఆవు

పెరడు అనగానే మనవాళ్ళకు కొన్ని వస్తువులు జ్ఞాపకం వస్తవి. నుయ్యి, తులసికోట, కరివేపాకు చెట్టు, బట్టలారవేసే తీగ, ఆ తీగమీద కాకి. కాస్త కలిగినవారి పెరడైతే పాడి ఆవూ, కుడితి తొట్టీ. ఫ్లారిడా తూర్పుతీరాన మెరిట్ ద్వీపంలో నీటి ఒడ్డున ఇళ్ళున్నవారి పెరళ్ళలో ఇవేవీ కనబడవు. పచ్చిక అయిపోయినచోట ఒక చెక్కరేవు, రేవుకింద ఉప్పునీటి కాలువ ఉంటవి. అయితే ఆవు మాత్రం అప్పుడప్పుడు వస్తుంది. అది నీళ్ళలో ఉంటుంది, పాలివ్వదు, ఎవరి సొత్తూ కాదు. దాని పేరు మానటీ. ఇంగ్లీషువాళ్ళు దాన్నే ముద్దుగా సముద్రపు ఆవు అంటారు.

మా అక్కయ్యా బావగారూ ఆ ద్వీపంలో కాపురముండి పదిహేనేళ్ళయింది. పోయిన వేసవి సెలవులకు అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళి, వారింట ఆరువారాలున్నాను. అమెరికా వెళ్ళివచ్చినవాణ్ణి అందరూ అడిగే మహానగరాలేవీ నేను చూడలేదు. చూచినదల్లా ఆ చెక్కరేవుమీద కుర్చీ వేసుకు కూర్చుంటే కనబడినంత మేరకే. అదే చాలా ఉన్నది.

ముందు ఆ నీళ్ళ సంగతి చెప్పాలి. ఫ్లారిడా ప్రధానభూమికీ అట్లాంటిక్ సముద్రానికీ నడుమ ఇసుకదిబ్బలు అడ్డుపడి, సుమారు 156 మైళ్ళ పొడవున ఒక ఉప్పునీటి సరస్సు ఏర్పడింది. దాన్ని ఇండియన్ రివర్ లగూన్ అంటారు. పేరులో నది ఉన్నదిగాని అది నది కాదు. ఇండియన్ అన్నది మనల్ని గురించీ కాదు, ఆ దేశపు ఆదివాసులను గురించి. మెరిట్ ద్వీపానికి పడమట ఈ ఇండియన్ రివర్, తూర్పున బనానా రివర్, అంటే అరటినది. చాలాచోట్ల లోతు మనిషి మొలదాకానే ఉంటుంది. సూర్యకాంతి అడుగుదాకా దిగుతుంది గనుక అడుగున గడ్డి పెరుగుతుంది. ఈ గడ్డి సంగతి పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి. కథంతా దానిమీదనే నడుస్తుంది.

పులికాటు సరస్సునూ శ్రీహరికోటనూ చూచినవారికి ఈ చోటు కొత్తగా ఉండదు. అక్కడా అంతే: సముద్రం, దాని పక్కన సన్నని నేల, వెనుక ఉప్పునీటి సరస్సు, నిండా పక్షులు, నడుమ రాకెట్లు. మెరిట్ ద్వీపపు ఉత్తరభాగంలో ఉన్న అంతరిక్ష కేంద్రంనుంచే 1969లో మనుషులు తొలిసారి చంద్రుని మీద దిగడానికి బయలుదేరారు. ఆ కేంద్రపు భూములలోనే 1963లో వన్యప్రాణులకు శరణాలయం ఏర్పరచారు. రాకెట్లకోసం మనుషుల ఇళ్ళను దూరంగా ఉంచిన చోట పక్షులకూ జంతువులకూ జాగా మిగిలిందన్నమాట.

మానటీని చూడడానికి కొంచెం ఓపిక కావాలి. నీళ్ళలోకి తేరిపార చూచినంత మాత్రాన కనబడదు. మొదట నీటిపైన పళ్ళెమంత నునుపైన వలయం ఒకటి లేస్తుంది. దానికి కొద్ది దూరంలో మరొకటి, ఆపైన ఇంకొకటి. జంతువు అడుగున తోక ఆడిస్తూ పోతున్నప్పుడు పైకి తేలే గుర్తులవి. అక్కడివాళ్ళు వాటిని మానటీ అడుగుజాడలంటారు. ఆ జాడ పోయే దిక్కున చూపు నిలిపితే, కాసేపటికి రెండు ముక్కుపుటాలు పైకివచ్చి 'ఫూ' అని గాలి వదలి, మూతలు వేసినట్టు మూసుకుని మళ్ళీ మునుగుతవి. మూడు నాలుగు నిమిషాలకొకసారి ఇలా గాలికి వస్తుంది. విశ్రాంతిగా పడివున్నప్పుడు ఇరవై నిమిషాలదాకా రాకపోవచ్చు. నీటి తళుకును అణచే నల్లకళ్ళజోడు పెట్టుకుంటే పని సులువవుతుంది.

ఆకారం చెప్పాలంటే, పెద్దది పది అడుగుల పొడవు, సుమారు 450 కిలోల బరువు ఉంటుంది. తడిసిన రుబ్బురోలు రంగు. వెనుక కాళ్ళు లేవు. తాటాకు విసనకర్ర వంటి గుండ్రని తోక. ముందు చేతులకు మూడు నాలుగు గోళ్ళు. ఆ గోళ్ళు చూస్తే ఏనుగు కాలు జ్ఞాపకం వస్తుంది, రావడం న్యాయమే. దానికి దగ్గర చుట్టం ఆవూ కాదు, తిమింగిలమూ కాదు, ఏనుగే. నమలి నమలి అరిగిన ముందుపళ్ళు ఊడిపోతుంటే వెనుకనుంచి కొత్తవి జరిగి వస్తవి. బతికినన్నాళ్ళూ ఇదే వరుస. పనల్లా మేయడమే. రోజుకు ఇరవైనుంచి నలభై కిలోల గడ్డి కావాలి.

పోతనగారి గజేంద్రుడు మడుగులో దిగగానే మకరి పట్టుకున్నదని మనకు తెలుసు. ఈ కాలువల్లోనూ, ఉప్పు తక్కువైన చోట్ల, మొద్దుముక్కు మొసళ్ళు తిరుగుతుంటవి. కాని ఈ గజేంద్రుని దాయాది వాటి పక్కనుంచే తాపీగా పోతుంది. పెరిగిన మానటీని వేటాడే జంతువు ఆ నీళ్ళలో లేదనే చెప్పాలి. 1493లో కొలంబసు కరేబియన్ దీవుల దగ్గర మూడు జలకన్యలను చూచాననీ, బొమ్మల్లో వేసినంత అందంగా లేవనీ తన దినచర్యలో నమోదు చేశాడు. ఆయన చూచినవి మానటీలేనని పండితుల అభిప్రాయం. నెలల తరబడి నీళ్ళమీద ఉన్నవారి కళ్ళను తప్పుపట్టలేము.

మానటీ రాని వేళల్లోనూ కుర్చీ వృథా పోదు. మన నారాయణపక్షికి దాయాది అయిన పెద్ద నీలికొంగ రేవు చివర తపస్సు చేస్తుంటుంది. అనింగా అనే పొడుగుమెడ పిట్ట మునిగి తేలి, బట్టలారవేసినట్టు రెక్కలు చాచి ఎండకు నిలబడుతుంది. మన గూడబాతులు ఈదుతూ చేపలను తోడుకుంటే, అక్కడి గోధుమరంగు గూడబాతులు ఆకాశంనుంచి తలకిందులుగా నీళ్ళలోకి దూకుతవి. ఒకప్పుడు దొరసానుల టోపీల ఈకలకోసం ఈ పక్షులను చంపుతుంటే, 1903లో ప్రెసిడెంటు థియొడోర్ రూజ్‌వెల్టు ఇదే సరస్సులోని పెలికాన్ ద్వీపాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించాడు. ఆ దేశంలో ఆ తరహా శరణాలయాలకు అదే మొదటిది. ఒక్కొక్క సాయంత్రం డాల్ఫినులు కాలువలోకి చేపలను తరుముకుంటూ వస్తవి. వేసవి రాత్రుల్లో నీటిని చేత్తో కదిపితే మిణుగురుల్లా నీలికాంతి మెరుస్తుంది. అది కంటికి ఆనని ప్రాణుల వెలుగు.

ఒక సాయంత్రం తల్లీ పిల్లా కలిసి వచ్చినవి. అమ్మ అప్పుడే కాలీఫ్లవరు తరిగి, ఆకులు గిన్నెలో పెట్టుకుని పారవేయడానికి బయటికి వచ్చింది.

"అల్లుడుగారూ, ఈ ఆకులు దాని నోటికందిస్తే తప్పా అండీ?"

"తప్పే, అత్తయ్యగారూ. చట్టం ఒప్పదు."

"పోనీ, ఆ గొట్టంతో కాసిని మంచినీళ్ళు?"

"అదీ కూడదండి."

అమ్మ బుగ్గన వేలు వేసుకుంది. "ఇంటికొచ్చిన గొడ్డుకు కుడితి పెట్టకూడదని చట్టమా! ఇదేం దేశమండీ?"

బావగారు నవ్వలేదు. మానటీలకు మంచినీళ్ళంటే ప్రాణం. గొట్టం కింద మూతి పెట్టి అలాగే ఉండిపోతవి. కాని ఒకచోట నీళ్ళు దొరికితే రేవు దగ్గరకు పోవడం నేర్చుకుంటవి. రేవు దగ్గరే పడవలుంటవి, పడవకు వెనుక తిరిగే చక్రం ఉంటుంది. ఆ తల్లి వీపుమీద సమదూరంలో ఐదు తెల్లని గాట్లను బావగారు వేలితో చూపించారు. పెద్ద మానటీల్లో చాలావాటికి ఇటువంటి మచ్చలు ఉంటవి. శాస్త్రజ్ఞులు ఆ మచ్చలనుబట్టే ఒక్కొక్కదాన్ని గుర్తుపట్టి పట్టీలు రాసుకుంటారు. 1978నాటి ఫ్లారిడా చట్టం ఆ రాష్ట్రాన్నంతటినీ మానటీలకు శరణాలయమన్నది. అవి తిరిగే కాలువల్లో పడవలు మెల్లగా నడపాలని బోర్డులుంటవి. చేతి మేత మరిగిన జంతువు మనిషిని చూచి తొలగిపోదు. ముందుగా దెబ్బతినేది అదే.

అమ్మ ఊరుకునే మనిషి కాదు. "మరి సర్కారువారే బండ్లకొద్దీ ఆకులు పెట్టారని మొన్న మీరే చెప్పారుగా?"

అది నిజమే. దానికి జవాబు చెప్పాలంటే గడ్డి దగ్గరకు రావాలి. 2011లో ఆ సరస్సులో నాచు విపరీతంగా పెరిగి నీళ్ళను కమ్మేసింది. తరువాతి ఏళ్ళలోనూ మళ్ళీ మళ్ళీ వచ్చింది. నీళ్ళు పచ్చగా చిక్కబడితే ఎండ అడుగుకు దిగదు; ఎండ దిగకపోతే గడ్డి బతకదు. పదేళ్ళలో అడుగుగడ్డి సగానికి పైగా పోయింది. 2017లో ప్రభుత్వం మానటీ అంతరించే స్థితినుంచి ఒక మెట్టు మెరుగుపడిందని జాబితా మార్చింది. నాలుగేళ్ళు తిరిగేసరికి, 2021లో ఫ్లారిడాలో 1,100 మానటీలు చనిపోయినవి. అంతకుముందు ఏ సంవత్సరమూ అన్ని పోలేదు. రాష్ట్రం మొత్తంమీద ఉన్నవి ఎనిమిదివేలకూ పదకొండువేల పైచిలుకుకూ మధ్య అని అంచనా. ఆ ఏడు ఈ తూర్పుతీరంలో పోయినవాటిలో చాలాభాగం దెబ్బలు తిని కాదు, మేత లేక పోయినవి.

ఆ చలికాలంలో, కేప్ కెనావెరల్ దగ్గర విద్యుత్కేంద్రంనుంచి వెచ్చని నీరు వచ్చేచోట అధికారులే లెట్యూస్ ఆకు వేశారు. 20 డిగ్రీలకన్న చల్లని నీళ్ళలో మానటీ ఎక్కువకాలం బతకలేదు. అందుకని చలికాలంలో అవి ఆ వెచ్చదనం వదిలి మేతకు దూరం పోలేవు. మొదటి ఏడు 90 టన్నులు, రెండవ ఏడు సుమారు 180 టన్నులు వేశారు. మనుషులను చూచి అలవాటు పడకుండా జాగ్రత్తలు తీసుకున్నారు. కరువులో గంజికేంద్రం వంటిది అది. ఆ తరువాత చావులు తగ్గినవి. కొన్నిచోట్ల గడ్డి తిరిగి మొలుస్తున్నది.

"నాచు ఎందుకొచ్చింది?" అని అడిగాను.

బావగారు వీధి పొడుగునా ఉన్న పెరళ్ళవైపు చెయ్యి చాపారు. ప్రతి ఇంటి వెనుకా నీటి అంచుదాకా తివాచీ పరచినట్టు పచ్చిక. దానికి వేసిన ఎరువు వర్షానికి కాలువలోకి దిగుతుంది. ఇళ్ళ మురుగుగుంటలలోని నత్రజని ఇసుకలోనుంచి ఊరి అక్కడికే చేరుతుంది. ఆ ఎరువు తినే నాచు బలుస్తుంది. గట్టుమీది గడ్డి పచ్చగా ఉండడంకోసం నీళ్ళలోని గడ్డి చచ్చిపోయింది. మానటీని మురిపెంగా చూచే పెరడే దాని మేతను తీసివేసిన కారణాలలో ఒకటి.

ఆ బ్రెవార్డ్ కౌంటీ ప్రజలు ఊరుకున్నారని కాదు. 2016లో ఓటువేసి, డాలరుకు అరసెంటు చొప్పున పదేళ్ళపాటు సరస్సుకోసం పన్ను కట్టడానికి ఒప్పుకున్నారు. జూన్ 1నుంచి సెప్టెంబరు 30దాకా, వానకాలమంతా, పచ్చికకు నత్రజని, భాస్వరం ఎరువులు వేయరాదని నిబంధన ఉంది. మా బావగారు కొత్త కారుకోసం దాచిన డబ్బుతో మురుగుగుంట తీసివేయించి, ఇంటి మురుగును ఊరి గొట్టంలో కలిపించారు. ఎరువు ఏడాది పొడుగునా మానేశారు. దానిమీద అక్కయ్యకు కినుక ఉన్నది.

"పక్కింటివాళ్ళది చూడు, పట్టుపరుపులా ఉంది. మనది కోతకోసిన చేనులా ఉంది. వచ్చినవాళ్ళేమనుకుంటారు?"

"రెండు గడ్డులూ పచ్చగా ఉండవు. ఏది కావాలో నువ్వే చెప్పు," అన్నారు బావగారు.

అక్కయ్య జవాబు చెప్పలేదు. చెప్పింది అమ్మ. "అంటే ఊరి బీడంతా మనం దున్నేసుకుని, ఆవుకు గుప్పెడు ఆకు దానం చేసినట్టన్నమాట!" అని గిన్నెలోని ఆకులు తీసుకుపోయి అరటిచెట్టు మొదట్లో వేసి వచ్చింది. ఆ మాట తరువాత మా ఇంట్లో పచ్చిక ప్రస్తావన రాలేదు.

ఇదంతా సముద్రాల అవతలి సంగతి అనుకోనక్కరలేదు. మానటీకి చుట్టమైన డ్యూగాంగు మన దేశపు నీళ్ళలోనే ఉన్నది. రామేశ్వరం వెళ్ళే యాత్రికులు పాంబను వంతెన దాటేటప్పుడు ఒకవైపు పాక్ అఖాతం, మరొకవైపు మన్నారు సింధుశాఖ చూస్తారు. ఆ రెంటిలోనూ అది మేస్తుంది. దానికీ అడుగున ఆ గడ్డే కావాలి. 2022లో తమిళనాడు ప్రభుత్వం పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల మేర దానికి రక్షిత ప్రాంతం ఏర్పరచింది. ఈ కుటుంబంలోనే మరొకటి, స్టెల్లరు సముద్రపు ఆవు, ఉత్తరాన బేరింగ్ సముద్రంలో ఉండేది. 1741లో కొత్తగా కనుగొన్నారు. తిని తిని 1768కల్లా లేకుండా చేశారు. ఇరవైయేడేళ్ళు!

మీ అబ్బాయో అమ్మాయో ఫ్లారిడాలో ఉంటే వెళ్ళిరండి. వేసవిలో కాలువల్లోనే కనబడతవి. చలికాలంలో అయితే బ్లూ స్ప్రింగు ఊటకు వెళ్ళండి. దాని నీరు ఏడాది పొడుగునా 22 డిగ్రీలు. 2024 జనవరిలో ఒక్కరోజు లెక్కలో అక్కడ తొమ్మిది వందలకు పైగా మానటీలు తేలినవి. పళ్ళెమంత వలయాలకోసం చూడండి, నిశ్శబ్దంగా కూర్చోండి, ఏమీ పెట్టకండి. ఆ పూట భోజనాల దగ్గర మాత్రం, పెరట్లో గడ్డికి ఏం వేస్తున్నారని పిల్లలను ఒకమాట అడగండి.