టైంటేబుల్లో రాయని గంటలు

మా చెల్లెలి కూతురు తిరుపతిలో మా ఇంట్లో ఉండి నీట్‌కి చదువుతోంది. ఇది రెండోసారి. వచ్చిన మర్నాడే ఒక తెల్ల చార్టు కొనుక్కొచ్చి, స్కేలు పెట్టి గళ్లు గీసి, నా ముందు పరిచింది. "పెద్దమ్మా, నువ్వు జువాలజీ చెప్తావు గదా, చూసి చెప్పు. ఇన్ని గంటలు సరిపోతాయా?"

చార్టు బాగానే ఉంది. పొద్దున అయిదింటికి ఫిజిక్స్. టిఫిన్ తర్వాత కెమిస్ట్రీ. 180 ప్రశ్నల్లో 90 బయాలజీవే కాబట్టి సాయంత్రాలన్నీ బోటనీకి, జువాలజీకి. పరీక్ష మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా జరుగుతుంది కనుక వారానికి రెండు రోజులు సరిగ్గా అదే సమయానికి మాక్ టెస్ట్. 2025 నుంచి 180 ప్రశ్నలకు 180 నిమిషాలే. ఆలోచించుకోవడానికి ఇచ్చే అదనపు ఇరవై నిమిషాలు పోయాయి. తప్పు జవాబుకు ఒక మార్కు కోత ఎటూ ఉంది. నేను రెండు మార్పులు చెప్పాను. టెస్ట్ రాసిన మర్నాడు కొత్త పాఠం జోలికి పోకుండా తప్పుల్ని ఒక నోటుబుక్కులో రాసుకోమన్నాను. నిద్రలోంచి గంట కూడా తీయొద్దన్నాను.

అన్నీ కూడితే రోజుకు పదకొండు గంటలు. ఆ అంకె దగ్గర ఆగిపోయాను. ఈ పదకొండు గంటలు పోయినేడు ఎక్కడున్నాయి?

పోయినేడు అది పాకాల దగ్గర మా ఊళ్లో, ఇంట్లోనే ఉండి చదివింది. చెల్లెలికి నాలుగు పాడి ఆవులు. పొద్దున అయిదుకి ఒకసారి, సాయంత్రం అయిదుకి ఒకసారి పాలు పితకాలి, పాలకేంద్రం మూసేలోపల క్యాను చేరాలి. పాలకేంద్రం ఎవరి కోసమూ ఆగదు. పేడ తీసేది, దాణా కలిపేది, క్యాన్లు కడిగేది, మధ్యలో "మే, ఒక్క నిమిషం రాయే" అని పిలిస్తే లేచేది ఈ పిల్లే. మాక్ టెస్ట్ రెండు నుంచి అయిదు. ఆవులు నాలుగున్నరకే అరవడం మొదలుపెడతాయి. పోయినసారి మార్కులు తగ్గాయంటే పిల్లకు శ్రద్ధ లేదన్నారు అందరూ. నేనూ అన్నాను.

ఆ మాట అన్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఎందుకంటే నేనూ ఆ కొట్టం పక్కనుంచి వచ్చినదాన్నే.

1991లో నేను ఎంసెట్ రాశాను. ఎంసెట్ మొదలై అప్పటికి అయిదేళ్లు. అంతకు ముందు మా అన్న రాశాడు, మొదటిసారి సీటు రాలేదు. నాయన అప్పు చేసి గుంటూరులో లాంగ్ టర్మ్ చేర్పించాడు. అన్న ఇంటికి వచ్చినప్పుడల్లా మధ్యగది ఖాళీ చేసేవాళ్లం. రేడియో ఆపేసేవాళ్లం. అన్నకు రెండోసారి సీటు వచ్చింది, మంచి డాక్టరయ్యాడు. అన్న కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆయన గంటలకు కాపలా ఉండింది అంటున్నాను.

నా చదువుకు అట్లాంటి కాపలా లేదు. బోరు దగ్గర నీళ్లు మోయాలి, కసువు ఊడ్చాలి, బోకులు తోమాలి, సంగటి గెలకాలి. అవన్నీ అయ్యాక మిగిలిందే చదువు. టైంటేబుల్ రాసుకోవాలనే ఆలోచన కూడా నాకు రాలేదు. మన చేతిలో ఉన్న గంటలకే గదా ఎవరైనా లెక్క రాసుకునేది!

నెలకు మూడు రోజులు మాత్రం వేరు. ముట్టయితే మా ఇంట్లో ఆడవాళ్లు కొట్టం పక్కనున్న వసారాలో కూర్చోవాలి. వంటింట్లోకి పోకూడదు, నీళ్లు ముట్టకూడదు. పుస్తకం సరస్వతి గనక అదీ ముట్టకూడదనేది అవ్వ. "ఇస్కూలు పుస్తకానికి అంటేంది లేత్తా" అని అమ్మ ఎట్లో సర్దిచెప్పింది. ఆ మూడు రోజులూ నన్ను ఎవరూ పిలవరు. మానవ శరీరధర్మశాస్త్రం మొత్తం నేను ఆ వసారాలోనే చదివాను. రక్తప్రసరణ, విసర్జన, ప్రత్యుత్పత్తి. నా ఒంట్లో జరుగుతున్న దాన్ని మైల అని దూరం కూర్చోబెట్టిన చోటే, అది ఏ హార్మోను పనో బట్టీపట్టాను. ముట్టును మైల అనడాన్ని నేను ఏ సభలోనైనా వ్యతిరేకిస్తాను, ఎన్నోసార్లు వ్యతిరేకించాను కూడా. కానీ నా చదువులో నాకంటూ దొరికిన గంటలు మాత్రం అవే. ఈ రెండు నిజాలనీ పక్కపక్కన పెట్టుకోవడం నాకిప్పటికీ కష్టంగానే ఉంటుంది.

పరీక్షకు ఇంకో వారం ఉందనగా ఒక పొద్దున అమ్మ నా పక్క తీసుకెళ్లి వసారాలో వేసింది. "పిల్ల బయటుంది" అని నాయనతో చెప్పింది. నేను బయట లేను. నోరు తెరవబోతే కళ్లతోనే గదిమింది. అవ్వ మాత్రం వేళ్లు ముడిచి లెక్క చూసుకుంది. "ఈ నెల్లో ఇది రెండోతూరి గదా?" అంది. అమ్మ పలకలేదు. రాత్రికి అవ్వే వసారాలోకి కిరసనాయిలు దీపం తెచ్చి, నాకు తగలకుండా దూరంగా పెట్టి వెళ్లింది.

ఆ వారమంతా చదివాను. ర్యాంకు దగ్గరదాకా వచ్చింది, సీటు దాకా రాలేదు. లాంగ్ టర్మ్ అనే మాట నా విషయంలో ఎవరి నోటా రాలేదు. బి.ఎస్సీ.లో చేరాను.

ఆడవాళ్లకు సొంత గది, చేతిలో డబ్బు కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లో రాసింది. మా వసారా గది కాదు, అయినా పిలుపు వినపడని చోటు. పరీక్ష రాయడానికి కావలసింది ముందుగా అదే. చిత్తూరుకు పక్కనే ఉన్న వేలూరులో ఇడా స్కడర్ 1918లోనే ఆడవాళ్లకు వైద్య పాఠశాల పెట్టింది. తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీ 1960లో వచ్చింది. 2014లో పద్మావతి మహిళా మెడికల్ కాలేజీ వచ్చింది. తలుపులైతే తెరిచారు. ఆ తలుపు దాకా నడవడానికి పట్టే గంటల్ని ఎవరిస్తారు? నడిచి వెళ్లినా తలుపు వెనక ఎవరుంటారో తెలీదు. ఆడవాళ్లు పెళ్లీ పిల్లలూ అని ఉద్యోగం మానేస్తారనే సాకుతో టోక్యో మెడికల్ యూనివర్సిటీ ఏళ్ల తరబడి అమ్మాయిల ప్రవేశపరీక్ష మార్కుల్ని తగ్గిస్తూ వచ్చిందని 2018లో బయటపడింది. ఇక్కడ మార్కులు దిద్దనక్కర్లేదు. ఇంటి చాకిరీ ఆ పని ముందే చేసి పెడుతుంది.

దీనికి ప్రభుత్వ లెక్కే ఉంది. 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లకు రోజుకు 299 నిమిషాలు దానికే పోతున్నాయి. ఆ పని చేసే మగవాళ్లకు 97. 2024లో మళ్లీ లెక్క తీస్తే ఆడవాళ్లది 289కి తగ్గింది. సంతోషిద్దామనుకుంటే మగవాళ్లది కూడా 88కి తగ్గింది! 289 నిమిషాలంటే దాదాపు అయిదు గంటలు. నీట్ పరీక్ష మూడు గంటలు.

కార్పొరేట్ హాస్టళ్లలో అమ్మాయిల్ని వేసే తల్లులు ఈ లెక్క చదవకపోయినా వాళ్లకు తెలుసు. అక్కడ ఎవరూ పాలు పితకమనరు. కానీ పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా స్టడీ అవర్సే. కడుపునొప్పి వచ్చిన రోజుకు ఆ టైంటేబుల్లో గడి ఉండదు. ఇంటి గంటల నుంచి విడిపించి ఇంకొకరి గంటలకు కట్టేయడాన్ని నేను పరిష్కారం అనలేను.

అందుకే మా పిల్ల చార్టులో ఇంకో వరస గీయించాను. దాని పేరు "ఈ గంట ఎవరిది?" పొద్దున అయిదుకి అది ఫిజిక్స్ చదువుతుంటే నీళ్లు పట్టేదెవరు? టిఫిన్ ఎవరు చేస్తారు? మొదట అన్ని గళ్లలోనూ "పెద్దమ్మ" అనే రాసింది. మా ఆయన చూసి నవ్వాడు. నేను నవ్వలేదు. పెన్ను ఆయన చేతికిచ్చాను. కాసేపు గునిసి, నీళ్లు, టిఫిన్ తన పేర రాసుకున్నాడు. నెల తిరిగేసరికి ఉప్మాలో ఉండలు కట్టడం ఆగింది. ఊళ్లో మా మరిది సాయంత్రం పాలక్యాను తానే తీసుకుపోతున్నాడట. మాక్ టెస్ట్ నడిచేప్పుడు మా చెల్లెలు ఫోన్ చేయడం మానేసింది. నెలలో రెండు రోజులు పిల్లే "తేలిక పాఠాలు, పడక" అని రాసుకుంది, ఏ దాపరికమూ లేకుండా. నీట్‌కి వయోపరిమితి 2022లోనే తీసేశారు, నువ్వూ రాయి పెద్దమ్మా అని నన్ను ఆటపట్టిస్తుంది. నవ్వొస్తుంది గానీ, ఆ నవ్వు వెనక ఏదో కలుక్కుమంటుంది.

సీటు వస్తుందో రాదో నాకు తెలీదు. రాకపోతే శ్రద్ధ లేదనే మాట మాత్రం ఈసారి మా ఇంట్లో ఎవరూ అనరు.

మొన్న ఊరికి పోయినప్పుడు అమ్మను అడిగాను. "ఆ వారం నాకు ముట్టని అబద్ధం చెప్పినావే, గుర్తుందా?" ఎనభై ఏళ్లకు దగ్గర పడింది, మాటలు మరిచిపోతోంది, గుర్తుండదనే అనుకున్నాను.

అమ్మ నడుం మీద చెయ్యేసుకుని అంది.

"ఎట్లా మరిచిపోతానే? ఆ వారం రోజులూ నీ బిందెలు గూడా నేనే గదా మోసింది."