వార్న్‌ట్ అడవిలో మందు తుపాకీ

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి జార్‌బ్రూకెన్ వెళ్ళే రైలు కైజర్స్‌లౌటర్న్ దగ్గరపడేసరికి పట్టాలకు రెండు పక్కలా అడవి కమ్ముకుంది. ఈ ఫాల్జ్ ప్రాంతం చూడాలని ఎన్నాళ్ళుగానో నా కోరిక. 18వ శతాబ్దంలో ఇక్కడి నుంచి వేలమంది పెన్సిల్వేనియాకు వలసపోయారు. జర్మన్ తుపాకీ పనివాళ్ళు తమ యేగర్ రైఫిల్‌ను కూడా అక్కడికి మోసుకెళ్ళారు. పొట్టి గొట్టం, లావుపాటి సీసపు గుండు, గొట్టం లోపల మెలి తిరిగిన గాట్లు. అమెరికా అడవుల్లో అదే సన్నబడి, పొడుగు సాగి, పేరుమోసిన పెన్సిల్వేనియా రైఫిల్ అయింది.

నా మేనల్లుడు జార్‌లాండ్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. “మావయ్యా, మా ఇంటి ఓనరు పెద్దాయన వేటగాడు. మీ సంగతి చెబితే తుపాకీ చూపిస్తానన్నాడు” అన్నాడు స్టేషన్లోనే.

ముందు జర్మన్-ఫ్రెంచ్ గార్డెన్‌కి వెళ్ళాం. అందులోని ఎహ్రెన్‌టాల్‌లో 1870 యుద్ధంలో చనిపోయిన సైనికుల సమాధులున్నాయి. ఆ ఏడాది ఆగస్టు 2న ఫ్రెంచివాళ్ళు ఈ ఊరి మీదికి వచ్చారు. 6న పక్కనున్న స్పిషెరెన్ కొండల మీద ఘోరమైన పోరు జరిగింది. ప్రష్యా సైనికుల చేతిలో డ్రైజ్ సూది తుపాకీ, ఫ్రెంచివాళ్ళ చేతిలో అంతకంటే చాలా దూరం కొట్టే షాస్‌పో. రెండింటిలోనూ సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన పాత మందే. ఆ సమాధుల మధ్య తుపాకీ గురించి మాట్లాడబుద్ధి కాలేదు.

మర్నాడు పెద్దాయన మమ్మల్ని కారులో వార్న్‌ట్ అడవికి తీసుకెళ్ళాడు. ఫ్రాన్సు సరిహద్దును ఆనుకున్న ఈ అడవి ఒకప్పుడు నాసౌ-జార్‌బ్రూకెన్ ప్రభువుల వేట భూమి. కార్ల్స్‌బ్రున్‌లో వాళ్ళ వేట భవనం ఇప్పటికీ ఉంది. ఇంటికి తిరిగొచ్చాక ఆయన తన యేగర్ నమూనా తుపాకీ నా చేతికిచ్చాడు. బరువంతా ముందు చేతిమీద పడింది. గట్టిగా పట్టుకోవాల్సిన పనిలేకుండానే గురి నిలిచింది.

“దీంతో వేటాడతారా?” అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. జర్మన్ వేట చట్టం ప్రకారం రో జింకను కొట్టాలంటే 100 మీటర్ల దూరాన తూటాకు కనీసం 1000 జౌల్స్ శక్తి ఉండాలి. అడవిపందికి, ఎర్రదుప్పికి 2000. .54 క్యాలిబర్ గుండ్రటి గుండు బరువు ఇంచుమించు 15 గ్రాములు. గొట్టం దాటేటప్పుడు సెకనుకు 500 మీటర్ల వేగం ఉన్నా, 100 మీటర్లు పోయేసరికి అది దాదాపు 300కి పడిపోతుంది. మిగిలే శక్తి 700 జౌల్స్ లోపే. అందుకే ఆయన దాన్ని గురి పోటీలకే వాడతాడు. ఈ చట్టం నాకు నచ్చింది. గాయంతో పారిపోయి పొదల్లో రోజుల తరబడి చచ్చే జంతువు బాధను అది లెక్కలోకి తీసుకుంది.

చట్టం ఒప్పుకునే దేశాల్లో మందు తుపాకీతో వేటాడేవాళ్ళకు నా మాట ఇది: గుండ్రటి గుండు వాడదలిస్తే గొట్టంలో మెలిక నిదానంగా, 60 అంగుళాలకో చుట్టు చొప్పున తిరగాలి. కోసుగుండుకైతే మెలిక బిగువుగా ఉండాలి. మందు అంటించడానికి చెకుముకి రాయి అందంగానే ఉంటుంది గానీ, మీట నొక్కాక గుండు బయటపడే లోపు జంతువు కదులుతుంది. చిత్తడి వానలో అసలు అంటుకోకపోవచ్చు. దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే రాగి టోపీదే మేలు. పాత తుపాకీ కొనేటప్పుడు గొట్టంలో లైటు వేసి చూడాలి. మందు మసి తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది. కాల్చిన రోజే వేడినీళ్ళతో కడగని తుపాకీ ఎంత చవకగా వచ్చినా వద్దు. ఇవన్నీ సరిపోయినా 50, 60 మీటర్లు దాటి మీట నొక్కకూడదు.

జర్మనీలో 1871 జనవరి 1కి ముందటి నమూనా ఒంటి తూటా టోపీ తుపాకీని 18 ఏళ్ళు నిండినవాళ్ళు లైసెన్సు లేకుండా కొనొచ్చు. మందుకు మాత్రం వేరే అనుమతి కావాలి. అక్కడ చదువుకునే మన పిల్లలకో మాట: సులువుగా దొరికింది కదా అని దాన్ని సామానులో పెట్టుకుని ఇంటికి తేవద్దు. మన దేశంలో మందు దట్టించి పేల్చగలిగే తుపాకీకి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండి తీరాలి. ఇక సరదా వేటకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు దారే లేదు.