మరపునకు పట్టిన రంగు

నిరుడు ఒక మధ్యాహ్నం మా కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలో సహోద్యోగి ఒకరు మమ్మల్ని సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి, పాఠం కోసం తెప్పించిన మెదడు పొర ఒకటి చూపించారు. గులాబి, ఊదా వన్నెల మేఘంవలె ఉన్నదది. "మరపు ఇందులో ఎక్కడ ఉంటుంది?" అని అడిగాము. తెలుగు పాఠం చెప్పేవారి ప్రశ్న ఇట్లాగే ఉంటుందని ఆయన నవ్వి, "మరపు జబ్బు ఉన్న మెదడైనా ఈ రంగులో సరిగా బయటపడదు మాస్టారూ. దానికి వెండి కావాలి" అన్నారు.

మా ప్రశ్న వట్టి కవిత్వం కాదు. దాని వెనుక మా దాదీమా ఉన్నారు. 2015లో కాలం చేశారు. చివరి నాలుగేండ్లలో ఆమె జుహర్ నమాజు ముగించి లేచి, చేయలేదనుకొని మళ్ళీ నిలబడేవారు. తాళపుచెవుల గుత్తిని పాన్‌దానులో తామే దాచి, కోడలు తీసిందనేవారు. భోజనమైన అరగంటకే గుమ్మంలో నిలిచి అన్నం పెట్టరా అని అడిగేవారు. ఇరుగుపొరుగు వింటారని మాకు సిగ్గు. ఇంటిల్లిపాదిమీ దానిని ముసలితనపు మొండితనమనే తలచాము. ఒకనాడు మేమే గట్టిగా కసిరాము. ఆమె కొంతసేపు మా ముఖంలోకి చూసి, "నీవు ఎవరి బిడ్డవు బేటా?" అన్నారు. అదీ సాధింపే అనుకొన్నాము.

వెండి సంగతి తెలుసుకొనడానికి పుస్తకాలు తిరగవేసినప్పుడు మాకు మొదట తట్టినది పెడన. మా తాతగారు అక్కడ కలంకారీ అద్దకం పనివారు. గుడ్డను కరక్కాయ నీటిలో నానబెట్టి, ఆరవేసి, అచ్చుతో పటిక అద్ది, రాగి పాత్రలో రంగుతో ఉడకబెట్టేవారు. పటిక తాకినచోటనే ఎరుపు నిలుస్తుంది. అంతవరకు ఆ పువ్వు గుడ్డమీద ఉండీ కంటికి ఆనదు. మెదడు పొరకు రంగు వేయడంలోని కిటుకూ ఇదే. ఏ పదార్థం ఏ రంగును పట్టుకొంటుందో తెలియాలి.

బీల్‌షోవ్‌స్కీ అనే జర్మను వైద్యుడు గత శతాబ్ది తొలినాళ్ళలో రూపొందించిన పద్ధతిలో, ఫార్మలినులో గట్టిపరచిన మెదడును మిల్లీమీటరులో నూరవ వంతు మందాన కోస్తారు. ఆ పొరను సిల్వర్ నైట్రేటు ద్రావణంలో చీకటిలో నానబెడతారు. పిమ్మట అమ్మోనియా కలిపిన వెండి ద్రావణంలో ముంచి, ఫార్మలినుతో వెండిని విడగొడతారు. నరాల పోగులపైన, వాటి నడుమ పేరుకొన్న ఫలకాలపైన వెండి నల్లగా దిగుతుంది. చివరకు ఫొటో స్టూడియోవారి హైపోయే ఇక్కడా మిగులు వెండిని కడిగివేస్తుంది. గాజుసామాను ఏమాత్రం మురికిగా ఉన్నా పొరంతా నల్లమచ్చలు పడుతుంది. అమ్మోనియా కలిపిన వెండిని నిలవ ఉంచితే పేలే ప్రమాదం కూడా కలదు. మన విద్యార్థులు సరదాకు ప్రయత్నించవలదు!

ఈ వెండితోనే ఆలోయిస్ ఆల్జైమరు 1906లో ఆగుస్టె డేటర్ అనే స్త్రీ మెదడును పరీక్షించాడు. ఆ ఏడాది ఏప్రిల్ 8న ఆమె మరణించగా, ఫ్రాంక్‌ఫర్టు నుండి మెదడును, రోగచరిత్రను మ్యూనిక్‌కు తెప్పించుకొన్నాడు. జొన్నగింజలు చల్లినట్లు ఫలకాలు, కణాలలో చిక్కుపడిన పోగులు కనబడ్డాయి. నవంబరు 3న ట్యూబింగెన్ సభలో ఆ సంగతి చెప్పగా ఎవరూ ఒక్క ప్రశ్నయినా అడగలేదట.

తరువాతి రంగులలో మాకు ముచ్చటైనది కాంగో రెడ్. 1884 ప్రాంతపు నూలు అద్దకపు రంగది. పటిక వంటిదేదీ లేకుండా నేరుగా నూలును పట్టడమే దాని ఘనత. మా తాతగారు వింటే నమ్మేవారు కారు! 1927లో డివ్రీ అనే బెల్జియం వైద్యుడు దానిని ఈ ఫలకాలకు పట్టించాడు. ధ్రువిత కాంతిలో ఆ ఎరుపు పచ్చి యాపిల్ వన్నెకు తిరుగుతుంది. అయితే పలుచగా పరచుకొన్న ఫలకాలు దీనికి చిక్కవు, వెండికి చిక్కుతాయి. థయోఫ్లేవిన్ అనే మరొక రంగు అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది. దాని నుండి తయారైన పదార్థంతోనే 2004లో పిట్స్‌బర్గ్ శాస్త్రజ్ఞులు బ్రతికి ఉన్నవారి మెదడులో ఫలకాలను చూడగలిగినట్లు ప్రకటించారు. అంతవరకు అవి సాధారణంగా మరణానంతరమే కనబడేవి.

అయినా ఫలకాలు నిండిన మెదడుతో, మరపు లేకుండానే జీవితం గడిపిన వృద్ధులున్నారు. రంగు ఫలకాన్ని చూపుతుంది. మనిషి ఎంత మరచినదీ ఆ మనిషిని అడిగితేనే తెలుస్తుంది. ఆల్జైమరు వెండిని ముట్టడానికి ఐదేండ్ల ముందు, 1901 నవంబరులో, ఆగుస్టె పక్కన కూర్చొని కలం పట్టాడు. పేరేమిటని, భర్త పేరేమిటని అడిగాడు. పెన్సిలు, తాళపుచెవి వంటివి చూపించి అడిగితే ఆమె సరిగానే చెప్పింది. కొంతసేపటికి ఏమి చూపించాడో మరచింది. పేరు వ్రాయమంటే "శ్రీమతి" అని వ్రాసి ఆగిపోయింది. అన్నీ వ్రాసుకొన్నాడు. ఆ కాగితాలు 1995లో మళ్ళీ దొరికాయి.

మా దాదీమా మెదడును ఎవరూ పరీక్షించలేదు. ఆమెది ఈ జబ్బేనని చెప్పే అర్హత మాకు లేదు. ఆమె అన్న మాటలను వ్రాసుకొన్నవారమూ కాము. పాన్‌దాను ఇప్పుడు మా అలమరలో ఉంది. గుత్తిలో ఏడు చెవులున్నాయి. రెండింటికి మా ఇంట తాళాలు లేవు. ఎన్నడో అమ్మివేసిన పెడన ఇంటివి కావచ్చునని నాన్నగారంటారు. ఆమెను ఎవరూ అడగలేదు.