పక్కకు జరిగిన బిళ్ళ

ఫిల్మ్‌నగర్‌లో ఓ టీకొట్టు గోడకు ఖాళీ రీలు చక్రం వేలాడుతోంది. వెయ్యి అడుగుల ఫిల్ము చుట్టుకుంటే తెర మీద సుమారు 11 నిమిషాల బొమ్మ. ఇప్పుడు చుట్టుకున్నది దుమ్మే. దించి, నడిమి రంధ్రంలో వేలు పెట్టి తిప్పితే గిర్రున తిరిగింది. అంచు సందులోంచి తిప్పబోతే బద్ధకంగా ఊగి ఆగింది.

డిగ్రీ ల్యాబు గుర్తొచ్చింది. తిరిగే పళ్ళెం మీద ఇత్తడి బిళ్ళను మధ్యలోంచి రెండు వేళ్ళ మేర జరిపితే చాలు, మొరాయించేది. బరువు అదే, చోటే వేరు. జరిపిన దూరం రెట్టింపైతే జడత్వ భ్రామకానికి, అంటే తిరగనని మొరాయించే ఆ గుణానికి, అదనంగా చేరేది నాలుగింతలు. అప్పట్లో నాకది రెండు మార్కుల సంగతి, అంతే.

కింద కృష్ణానగర్‌లో వేషాల కోసం పొద్దున్నే వచ్చి నిలబడేవాళ్ళు ఉంటారు. పక్కకు జరిగిన ఆ బిళ్ళలా, ఫ్రేము అంచున, ఏళ్ళ తరబడి.

రీలును మళ్ళీ మేకుకు తగిలించాను. టీ అయిపోయేదాకా ఊగుతూనే ఉంది.